యేరూ, పుస్తకమూ

నాగావళికి లాంగుల్య అని కూడా పేరు. బలరాముడు నాగలితో తెచ్చిన యేరని మావైపు స్థలపురాణం. కలహండి కొండల్లో పుట్టి, శ్రీకాకుళం మీదుగా వచ్చి, కళ్లేపల్లి వద్ద సముద్రంలో కలుస్తుంది.

ఆ యేటివొడ్డు వూళ్లోనే కాళీపట్నం రామారావు మాష్టారు తమకు వచ్చిన పురస్కారాల సొమ్ముతో 1997లో కథానిలయం నెలకొల్పినారు. రచయితలూ పాఠకులూ తమ పుస్తకాలూ, పాత పత్రికలూ యిచ్చినారు. కథ అందరిదీ అనుకున్నారు గనుక అది నిలిచింది.

మరి యేరెవరిది? చెత్త వేసేటప్పుడు అందరిదీ. యెత్తేటప్పుడు యెవరిదీ కాదు!

మాష్టారు 2021లో వెళ్లిపోయినారు గాని, దారి వున్నది. రెండేసి ప్రతులున్న పుస్తకాలు మన యిళ్లలో లేకపోవు. వో ఆదివారం అవి అమ్మకానికి పెడదాం. వచ్చిన డబ్బు గట్టు శుభ్రానికి ఖర్చు పెడదాం. మనకు పోయేది అటక మీది దుమ్మే గదా! యేమంటారు?