మీకు తెలుసా? సెన్సర్‌కు గాలే గీటురాయి

ఇంజన్ ట్యూనింగ్‌లో వాడే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్‌ను సరిచూడటానికి ఖరీదైన గ్యాస్ సిలిండర్లేమీ అక్కర్లేదు. పొడిగాలిలో ఆక్సిజన్ ఎక్కడైనా దాదాపు 20.9 శాతమే; సెన్సర్‌ను నడిపే చాలా కంట్రోలర్లకు ఆ అంకె చాలు. సెన్సర్‌ను సైలెన్సర్ గొట్టం నుంచి విప్పి, శుభ్రమైన గాలిలో వేలాడదీసి వేడెక్కనిస్తే కంట్రోలర్ తన లెక్క దిద్దుకుంటుంది. పక్కనే బండి ఇంజన్ ఆన్‌లో ఉందా, ఆ పొగకు లెక్క చెడుతుంది, దాని వెంటే పెట్రోలు మోతాదూ తప్పుతుంది.

బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్‌ది ఇంకో తీరు. ఫ్యాక్టరీలోనే కొలిచి, ఒక్కోదానికి తగ్గ రెసిస్టర్‌ను దాని కనెక్టర్‌లోనే అమరుస్తారు. వైరు చాల్లేదని కనెక్టర్ కోసేస్తే ఆ కొలతా దాంతోపాటే పోతుంది. అన్నట్టు, పని చేసేటప్పుడు ఈ సెన్సర్ లోపలి భాగం వేడి సుమారు 780 డిగ్రీల సెల్సియస్. ముట్టుకోకండి!