వేరుసెనగ చేను - విశ్వవిద్యాలయ విద్య

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడు దినములలో తనకల్లు వంటి యూళ్ల యరుగుల మీద ఒక మాట వినబడుచుండును: "ఇంజనీరింగు సీటు రాలేదు; ఇక బి.ఏ.కో, బి.కాం.కో పంపవలసినదేనా?" ఆ మాటలోని నిస్పృహ మాకు సమంజసముగా తోచదు. మన చేనినే యుదాహరణముగా గైకొని చూతము.

ఒక రైతు అప్పు తెచ్చి వేరుసెనగ విత్తెననుకొందము. పదును దొరికి పైరు మొలిచినది. ఊడలు దిగు వేళకు వాన మొగము చాటు చేసెను. సగము కాయయే దక్కినది.

వాణిజ్యశాస్త్రము చదివినవాడు మొదట లెక్క యడుగును. విత్తనమునకు, ఎరువునకు, కూలికి ఎంత పట్టినది? ఇంటిల్లిపాది చేసిన చాకిరికి వెల కట్టితిరా? మన రైతులలో ఈ వెల కట్టువారు అరుదు. అందుచేతనే నష్టము కూడ లాభమువలె గానవచ్చును.

అర్థశాస్త్ర విద్యార్థి చూపు వేఱు. వాతావరణాధారిత బీమాలో పరిహారమును నిర్ణయించునది చేని దిగుబడి కాదు. నిర్ణీత కేంద్రములో నమోదైన వాతావరణపు లెక్క. కేంద్రమున్నచోట వాన కురిసి, రెండు క్రోసుల యవతల చేను ఎండినచో ఆ రైతు గతి యేమి? ఇది పుస్తకములో పుట్టిన ప్రశ్న గాదు. పంట పోయిన పిమ్మట బెంగుళూరు కూలికి పోవువారెవరు, ముసలివారితో ఇంట నిలుచువారెవరు అని సమాజశాస్త్రము విచారించును.

అట్లు వలస పోయినవారి బిడ్డ నడుమ బడి మాని తిరిగి వచ్చినపుడు ఏ పాఠమునుండి మొదలిడవలెను? విద్యాశాస్త్రమునకు ఇది ముఖ్యమైన ప్రశ్న. బి.ఎడ్.లో చేరుటకు ముందు పట్టము ఉండవలెను; 2015 నుండి ఆ చదువు రెండేండ్లు అయినది; ప్రవేశము ఎడ్‌సెట్ పరీక్ష ద్వారా. ఇచ్చట తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఉపాధ్యాయ శిక్షణలో ఏ బోధనాంశము లభించునో పట్టభద్ర తరగతిలో చదివిన విషయములను బట్టి యుండును. పంతులమ్మ కాగోరు పిల్లను స్నేహితురాండ్రు చేరినారని ఏదో యొక తరగతిలో చేర్చి, మూడేండ్ల తరువాత చింతించిన యిండ్లను మేమెఱుగుదుము. చేరుటకు ముందే అర్హతల పట్టిక చూడుడు.

ఈ చదువులకై మదరాసు పోవలసిన కాలమొకటి యుండెను. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వెలసినది. 1968లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రము అచ్చట నేర్పడి, 1981లో శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. వాణిజ్యము, అర్థశాస్త్రము, సమాజశాస్త్రము, గ్రామీణాభివృద్ధి అచ్చట బోధింపబడుచున్నవి. 2022లో తనకల్లు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, విశ్వవిద్యాలయము అనంతపురముననే యున్నది. పంట పోయిన యేట వసతిగృహపు ఖర్చు భారమై, మొదట మానిపింపబడునది తరచుగా ఆడుపిల్ల చదువే.

బడి ముఖము చూడనివారికి సైతము ఒక ద్వారము తెఱచినది 1982లో హైదరాబాదున స్థాపితమైన సార్వత్రిక విశ్వవిద్యాలయము; దేశములో అట్టివానిలో మొదటిది. అర్హతా పరీక్షలో నెగ్గినవారిని అది పట్టభద్ర తరగతిలో చేర్చుకొన్నది. దాని పాఠములు రేడియోలో ప్రసారమైనవి. చేని పని ముగించుకొని వచ్చిన గృహిణికి సైతము ఇంటి పెట్టె ముందు కూర్చుండి అర్థశాస్త్రము వినుటకు వీలు కలిగినది.