గిటారు మీటకముందే మోగే ఆంప్లిఫయర్

తీగ మీద చెయ్యి పడకముందే కొన్ని గిటారు ఆంప్లిఫయర్లు మోగడం మొదలుపెడతాయి. స్విచ్ వేసి, లోపలి వాల్వులు వేడెక్కేదాకా అరనిమిషం ఆగితే చాలు, స్పీకరులోంచి ఒక మోత వస్తుంది. అమెరికన్లు ట్యూబ్ అనేదాన్నే మన పాత రేడియో మెకానిక్‌లు వాల్వు అనేవారు. రేడియోలు ఏనాడో ట్రాన్సిస్టర్లకు మారిపోయాయి. గిటారు వాయించేవాళ్లలో చాలామంది మాత్రం వాల్వును వదల్లేదు. సిగ్నల్ మితిమీరినప్పుడు వాల్వు దాన్ని వంచే తీరు వాళ్ల చెవికి ఇంపుగా ఉంటుంది. ఆ ఇంపు కోసం ఈ రొదనంతా భరించాలా? అక్కర్లేదు. అందులో పోగొట్టగలిగినదే ఎక్కువ. కొంత మాత్రం ఎవరివల్లా పోదు.

రొద ఎక్కడ పుడుతోందో తెలుసుకోవడానికి మొదటి పరికరం మీటరు కాదు, చెవి. గుంయ్‌మనే మంద్రస్వరం, చిటపటలు, పెట్టెను తాకితే గంటలా ఖంగుమనడం, సుయ్‌మనే బుస. వీటిలో ఒక్కోదానిదీ ఒక్కో పుట్టిల్లు.

ముందు ఆ గుంయ్ సంగతి. బస్తర్‌లోని భేజ్జిలోనైనా, బెజవాడలోనైనా గ్రిడ్ విద్యుత్తు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో ఏకమైంది. అప్పటినుంచి ఛత్తీస్‌గఢ్‌లోని భేజ్జి, ఆంధ్రలోని విజయవాడ ఒకే లయలో ఊగుతున్నాయి. ఆ రెండు ఊళ్లలో ఒకే లోపమున్న రెండు ఆంప్లిఫయర్లు ఉంటే, రెండూ ఒకే శ్రుతిలో మోగుతాయి.

ఆ శ్రుతిని గిటారుతోనే కొలవచ్చు. సరిగ్గా శ్రుతి చేసిన గిటారులో అన్నిటికన్నా లావు తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి మీటితే 98 హెర్ట్జ్ స్వరం పలుకుతుంది. మోత దానికి దాదాపు సరితూగితే అది 100 హెర్ట్జ్. రెక్టిఫయర్ ప్రతి ఊపులోని రెండు సగాలనూ వాడుకుంటుంది కాబట్టి 50 కాస్తా 100 అవుతుంది. ఆ ఎగుడుదిగుళ్లను చదును చేయాల్సిన ఫిల్టర్ కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి లోపల ఎండిపోయి ఉంటాయి. వాటిని మార్చాలి. మోత అంతకు ఒక స్థాయి కింద ఉంటే అది 50 హెర్ట్జ్. అంటే హీటర్ తీగలనో, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్నో, ఎర్త్ చుట్టునో అనుమానించాలి. ఇంటర్నెట్‌లోని సలహాల్లో చాలావరకు అమెరికావి. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి వాళ్లు చెప్పే 60, 120 అంకెలు మన దగ్గర పనికిరావు. ఇంకో చిక్కు ఇన్వర్టర్. చవక రకాలు గుండ్రటి తరంగానికి బదులు చదరపు తరంగాన్ని ఇస్తాయి. అందులో 150, 250 హెర్ట్జ్ వంటి పై స్వరాలు కలిసి మోత కాస్తా గీరుడుగా మారుతుంది. అది ఆంప్లిఫయర్ తప్పు కాదు.

తర్వాత వాల్యూమ్ తిప్పి చూడాలి. దానితోపాటే మోత పెరిగితే తప్పు ఆ నాబ్‌కు ముందున్న దశల్లో ఉంది. మారకపోతే పవర్ సప్లయ్‌లోనో, చివరి దశలోనో ఉంది. ముందు దశల్లోనే అని తేలితే, ఆపి చల్లారనిచ్చి, గిటారు వైపు నుంచి చిన్న వాల్వులను ఒక్కోటే తీసి, మళ్లీ ఆన్ చేసి వినాలి. ఏది తీస్తే నిశ్శబ్దం వచ్చిందో రొద అక్కడిదే. ఇదంతా స్పీకరు తగిలించే చేయాలి. స్పీకరు లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. వాల్వును చెక్క పెన్సిలుతో మెల్లగా తట్టినప్పుడు ఖంగుమంటే, లోపలి గ్రిడ్ తీగలు వదులై అది మైక్రోఫోనులా పనిచేస్తోందన్నమాట. దానికి మందు లేదు, కొత్త వాల్వే. హీటర్లకు 6.3 వోల్టుల ఏసీ తీసుకెళ్లే రెండు తీగలను గట్టిగా పురి పెడితే వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. పైసా ఖర్చు లేని ఈ చిట్కా ఆశ్చర్యపోయేంత బాగా పనిచేస్తుంది.

అదే ఉపాయాన్ని గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ 1955లో గిటారు పికప్‌కు వాడారు. పికప్ అంటే అయస్కాంతం మీద చుట్టిన తీగచుట్ట. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన ఎలక్ట్రిక్ మాండలిన్‌లో ఉండేదీ ఇదే. అది తీగ కదలికతోపాటు గదిలోని ట్రాన్స్‌ఫార్మర్ల మోతనూ పట్టేస్తుంది. రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపితే మోత రద్దవుతుంది, పాట మిగులుతుంది. ఒకే చుట్ట ఉన్న గిటారుతో నిలబడి మెల్లగా చుట్టూ తిరిగి చూడండి. ఒక దిశలో మోత దాదాపు మాయమైతే ఆంప్లిఫయర్‌ను విప్పే పనే లేదు.

చాలామంది ఎక్కే ప్రమాదకరమైన అడ్డదారి ఒకటుంది. రెండు పరికరాలను రెండు వేర్వేరు ప్లగ్గులకు పెడితే ఎర్త్ తీగల మధ్య ఒక చుట్టు ఏర్పడి మోత వస్తుంది. ఎర్త్ పిన్ను పీకేస్తే మోత ఆగుతుంది. ప్రాణానికున్న కాపలా కూడా పోతుంది. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో, ఎర్త్ సరిగా లేని మైక్రోఫోను తాకి లెస్ హార్వే అనే గిటారిస్టు వేదిక మీదే చనిపోయారు. నాలుగేళ్ల తర్వాత, 1976 మేలో, యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ ఎర్తింగ్ సరిగా లేని గిటారు వల్ల సొంత ఇంట్లోనే మరణించారు. చుట్టును తెంచాలంటే రెండిటినీ ఒకే ప్లగ్ బోర్డుకు పెట్టాలి. అదీ కుదరకపోతే సిగ్నల్ తీగకు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేయాలి. ఎర్త్ జోలికి పోకూడదు.

భేజ్జి లాంటి ఊళ్లో జనరేటర్ మీద కార్యక్రమం పెడితే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. జనరేటర్ న్యూట్రల్‌ను చట్రానికీ, ఎర్త్‌కూ కలపకపోతే, షాక్ కొట్టినప్పుడు కరెంటును ఆపాల్సిన బ్రేకరు పనిచేయకపోవచ్చు. వేసవిలో నేల ఎండితే ఎర్త్ నిరోధం పెరుగుతుంది. గోతిలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసే పాత పద్ధతి అందుకే. అయితే ఎర్త్ రాడ్డు మోతను తగ్గిస్తుందన్న నమ్మకానికి ఆధారం తక్కువ. విమానానికి ఎర్త్ రాడ్డు లేదు, అందులో పాటలు శుభ్రంగానే వినిపిస్తాయి. రాడ్డు ఉన్నది మనిషి కోసం. ఆంప్లిఫయర్ విప్పేటప్పుడూ అంతే. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో 300 నుంచి 500 వోల్టులు నిలిచి ఉండొచ్చు. రెసిస్టరు గుండా వాటిని ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. అలవాటు లేనివాళ్లు మెకానిక్‌కు ఇవ్వడమే మేలు.

ఇవన్నీ చేశాక మిగిలేది బుస. 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ కొలిచి, నైక్విస్ట్ లెక్కగట్టిన శబ్దం ఇది. రెసిస్టరులో ఎలక్ట్రాన్లు వేడికి అటూ ఇటూ కొట్టుకోవడమే దీనికి మూలం. గిటారు పెట్టే చోట తరచూ కనిపించే 68 కిలో ఓమ్‌ల రెసిస్టరు, గది ఉష్ణోగ్రతలో, 20 కిలోహెర్ట్జ్ పరిధిలో దాదాపు 4.7 మైక్రోవోల్టుల బుసను పుట్టిస్తుంది. దాని బదులు 10 కిలో ఓమ్‌లది వేస్తే అది 1.8కి దిగుతుంది. వాల్వుల దగ్గరున్న పాత కార్బన్ రెసిస్టర్లు తమ మీద వోల్టేజీ ఉంటే అదనంగా బుసకొడతాయి. మెటల్ ఫిల్మ్ రకం వేస్తే ఆ అదనం చాలావరకు పోతుంది. ఆపైన మిగిలినది ఉష్ణోగ్రతది. ఆ రెసిస్టరును ద్రవ నైట్రోజన్‌లో ముంచినా బుస సగానికి మాత్రమే తగ్గుతుంది. వాల్వు సొంత బుస మాత్రం అక్కడే ఉంటుంది, ఎందుకంటే అది పనిచేయాలంటే వేడిగా ఉండి తీరాలి.