క్లచ్చు

గోదావరి డెల్టా బల్లపరుపు నేల. అచ్చటి రహదారులలో ఎత్తులు తరచుగా కాలువగట్లవద్దనే కానవచ్చును. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప డెల్టా అంతటను కాలువలు అల్లుకొన్నవి. వాటిని దాటుటకు బండి గట్టునెక్కి, వంతెన మీదుగా పోయి, మరల దిగవలెను.

కోతల కాలమున ధాన్యపు బస్తాల లారీ యొకటి అట్టి వంతెన నెక్కుచుండగా గేదెల మంద అడ్డము వచ్చినదనుకొందము. లారీ వాలుమీదనే ఆగును. వెనుక సైకిళ్లపై బడిపిల్లలు నిలిచియుందురు, ప్రక్కను నిండుకాలువ. దారి తెరపి కాగానే డ్రైవరు లారీని ముందుకే కదలింపవలెను. వెనుకకు జారినచో ఎంతటి ముప్పో చెప్పనక్కరలేదు. అప్పు డతని ఎడమకాలి క్రింద నున్న సాధనమే క్లచ్చు.

సైకిలు తొక్కువాడు నిలిచిన సైకిలును మెల్లగా తొక్కి కదలింపగలడు. ఇంజనుకు ఆ శక్తి లేదు. నిమిషమునకు కొన్ని వందల చుట్లైనను తిరుగకున్న అది ఆగిపోవును. నిలిచిన లారీ చక్రములా, అసలే తిరుగవు. ఈ రెంటిని ఒక్కసారిగా కలిపినచో లారీ ఎగిరిపడును, లేదా ఇంజను ఆగును.

ఒకే ఇంజనుతో బెల్టులమీద నడచిన పాతకాలపు మిల్లులలో ఈ చిక్కునకే వేరొక ఉపాయ ముండెడిది. ఇరుసుపై రెండు పుల్లీలు ప్రక్కప్రక్కన నుండును. ఒకటి బిగించినది, రెండవది ఊరక తిరుగునది. బెల్టు వదులు పుల్లీపై నున్నంతసేపు యంత్రము కదలదు. కర్రతో దానిని బిగిపుల్లీ మీదికి నెట్టగా, బెల్టు కొంత జారుచు, కొంత పట్టుచు యంత్రమునకు క్రమముగా వేగ మిచ్చును.

కారులోను, లారీలోను బెల్టునకు బదులు పళ్లెమువంటి ప్లేటు కలదు. ఇంజను చివర ఫ్లైవీలను బరువైన చక్రము తిరుగుచుండును. దాని ప్రక్కనే క్లచ్చుప్లేటు. దీని రెండు ముఖములకును వేడికి ఓర్చు గరుకు పదార్థము తాపియుందురు. ఇది గేరుబాక్సు ఇరుసుపై గాడులలో అమరియుండుటచే ఇరుసుతోపాటు తిరుగును, కొద్దిగా ముందు వెనుకలకును జరుగును. దీని వెనుక ప్రెషరుప్లేటు కలదు. బలమైన స్ప్రింగు దానిని నొక్కగా, క్లచ్చుప్లేటు ఫ్లైవీలునకును దానికిని నడుమ బిగిసి, ఆ రెంటితో కలిసి తిరుగును. ఇందు పండ్లు లేవు, మేకులు లేవు. బలమంతయు రాపిడివలననే సాగును.

క్లచ్చు తొక్కుటచే ఇంజను చక్రములతో కలియునని కొందరనుకొందురు. నిజము దానికి విరుద్ధము. తొక్కినపుడు స్ప్రింగు పట్టు సడలి, ప్లేటు విడివడును. ఆ ఎడము మిల్లీమీటరు పాటి మాత్రమే!

వాలుమీది డ్రైవరు హ్యాండుబ్రేకు వేసి, దారి తెరపియగువరకు ఆగును. పిదప మొదటి గేరులో ఆక్సిలరేటరు కొంచెము నొక్కి, క్లచ్చును మెల్లగా వదలును. ఒకచోట ఇంజను ధ్వని తగ్గి బరువగును. లారీ కొద్దిగా వణకును. ప్లేటు పట్టు దొరకినదనుటకు అదియే గుర్తు. ఆ క్షణమున అది జారుచునే లాగుచుండును. డ్రైవర్లు దీనిని హాఫ్‌క్లచ్చందురు.

జారుడు ఊరక పోదు, వేడిగా మారును. హ్యాండుబ్రేకు వేయుటకు బద్ధకించి, గేదెలు దాటువరకు హాఫ్‌క్లచ్చుమీదనే లారీని నిలుపువా డుండును. ఇది చెడ్డ అలవాటు. కొంతసేపటికే మాడిన వాసన వచ్చును. ప్లేటు అరిగినకొలది పట్టు తగ్గి, తుద కొకనాడు నిండు బరువుతో నున్నపుడు ఇంజను ఎంత గర్జించినను లారీ గట్టెక్కదు. అప్పుడు మెకానిక్కు గేరుబాక్సును దింపి, ప్లేటు మార్చవలసినదే.

నేర్పరియైన డ్రైవరు ఆ వణకు తెలియగానే హ్యాండుబ్రేకు విడుచును. లారీ బెత్తెడైనను వెనుకకు జారక వంతెన నెక్కును. పిల్లలు సైకిళ్లు తొక్కుచు దాని వెంట పోవుదురు.