ఆటగాని నొప్పి, గంజాయి మందు

అమెరికా ఫుట్‌బాల్ ఆటలో, బంతి విసరువానిపై ఎదుటి జట్టువారు వచ్చి పడకుండ తన దేహమునే గోడగా నిలుపవలసిన ఆటగానికి పేరు తక్కువ, దెబ్బలు ఎక్కువ. వంగి, చేతిని నేలకానించి, బంతి కదలిన క్షణమున పైకి లేచి, ఇంచుమించు 130 కిలోల తూకము గల ప్రత్యర్థిని ఎదుర్కొనుట అతని పని. ఒక్క ఆటలోనే ఇది అఱువది డెబ్బది మాఱులు జరుగును. బాల్టిమోర్ రేవెన్స్ జట్టున ఇట్టి కొలువు చేసిన యూజీన్ మన్రో, 2016లో, ఇంకను ఆడుచుండగనే, తమ నొప్పులకు గంజాయిని వైద్యముగా వాడుకొననిమ్మని బహిరంగముగా కోరి, దానిపై పరిశోధనలకు సొంతసొమ్ము 80,000 డాలర్లు ఇచ్చెను. ఆ జూన్ నెలలో జట్టు అతనిని వదలుకొనెను. మఱుసటి నెలలో, ఇరువదితొమ్మిదవ యేట, అతడు ఆటకే స్వస్తి చెప్పెను. గాయముల వలన అతడు అంతకుముందే పెక్కు ఆటలకు దూరమైన మాటయు నిజమే కనుక, అతని కోరికకును జట్టు అతనిని వదలుకొనుటకును ముడిపెట్టుటకు నేను సాహసింపను.

గంజాయి యనగనే మనకు విశాఖ మన్యమున పోలీసులు పట్టుకొను మూటలును, 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమును జ్ఞప్తికి వచ్చుట సహజము. దానిని మందనినచో నవ్వువారును ఉందురు. అయినను ఆ ఆటగాండ్రు నొప్పికి అంతవఱకు ఏమి వాడుచుండిరో ఎఱిగిన పిమ్మట ఆ నవ్వు నిలువదు. టొరడాల్ అను సూది వేయించుకొని మైదానమునకు దిగుట వారిలో చాలమందికి అలవాటు. అది మత్తుమందు కాదు. కాని రక్తము గడ్డకట్టు శక్తిని తగ్గించును, మూత్రపిండములకు చెఱుపు చేయగలదు, అన్నిటికంటె మించి, గాయపడిన మోకాలితోనే మఱల పరుగెత్తించును. అదియు చాలనిచోట వైకోడిన్ వంటి నల్లమందు జాతి మాత్రలు. 2011లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, 644 మంది విశ్రాంత ఆటగాండ్రలో 52 శాతము తాము ఆడుదినములలో అట్టి మాత్రలు మ్రింగితిమనియు, అట్లు మ్రింగినవారిలో 71 శాతము వానిని దుర్వినియోగము చేసితిమనియు ఒప్పుకొనిరి. బేస్‌బాల్ ఆటగాడు టైలర్ స్కాగ్స్ 2019 జులై 1న టెక్సాస్‌లో ఒక హోటలు గదిలో మరణింపగా, అతని దేహమున ఫెంటనిల్, ఆక్సికొడోన్, మద్యము కనబడెను. ఆ డిసెంబరులోనే బేస్‌బాల్ లీగు గంజాయిని నిషిద్ధముల పట్టికనుండి తొలగించి, నల్లమందు జాతి మందులకు పరీక్షలు జరుప నిశ్చయించెను.

ఇక గంజాయి నిజముగా నొప్పి తగ్గించునా? మెదడునందును నాడులయందును నొప్పి వార్తను హెచ్చించుటకు, తగ్గించుటకు దేహము తానే ఏర్పఱచుకొనిన గ్రాహకములు కలవు; గంజాయిలోని టీహెచ్‌సీ వానిని అంటిపెట్టుకొని నొప్పిని మందగింపజేయును, మత్తును కలిగించును. సీబీడీ అను వేఱొక పదార్థము మత్తు కలిగింపదు. దీర్ఘకాలపు నొప్పి గల పెద్దలకు గంజాయి పనిచేయుననుటకు గట్టి ఆధారములు కలవని 2017లో అమెరికా జాతీయ విద్వత్సంస్థలు పలికెను. నాలుగేండ్లకే అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘము, ఆధారములు చాలవు కనుక నొప్పికి దీని వాడుకను సమర్థింపలేమని చెప్పెను. పండితులే ఇట్లు విడిపోయినపుడు, విఱిగిన ప్రక్కటెముకతో ఆదివారమున ఆడువానికి అది ఎంత మోతాదున, ఏ రూపమున మేలు చేయునో నిశ్చయముగ చెప్పగలవారెవరు? టీహెచ్‌సీ వలన చురుకుదనము మందగించుట, అలవాటు పడుట, పొగ త్రాగినచో ఊపిరితిత్తులు చెడుట మాత్రము సందేహము లేనివి. వాడుకొనువారి పక్షమున నా మనస్సు మొగ్గినను, దీనిని నిరపాయమైన మూలికగా కీర్తించువారి మాట నాకు రుచింపదు.

లీగులు మాత్రము ఈ సంశయములకు ఆగలేదు. శిక్షను తామే సడలించుచు వచ్చినవి. ఫుట్‌బాల్ లీగు 2020లో, మూత్రపరీక్షలో మిల్లీలీటరునకు 35 నానోగ్రాములుగా నున్న హద్దును 150కి, 2024లో 350కి పెంచినది. పరీక్షలో దొరకినవానిని ఆటనుండి నిషేధించు పద్ధతిని ఆ 2020లోనే మాన్పినది. బాస్కెట్‌బాల్ లీగు 2023లో గంజాయి పరీక్షలకే స్వస్తి పలికెను. ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ సీబీడీని 2018 నుండి విడిచినను, పోటీల కాలమున టీహెచ్‌సీపై నిషేధమును నేటికిని తొలగింపలేదు.

2004లో మయామీ డాల్ఫిన్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు రికీ విలియమ్స్, గంజాయి పరీక్షలలో మాటిమాటికి దొరకి, శిక్ష యెదుట నిలిచియుండగా ఆటనే విడిచి వెడలిపోయెను. మఱుసటియేడు తిరిగివచ్చినపుడు నాలుగాటలు బయట కూర్చుండవలసివచ్చెను. అటువంటి శిక్షలు విధించిన లీగు, ఆటగాండ్ర సంఘముతో కలిసి, గంజాయి పదార్థములు నొప్పికిని తల దెబ్బలకును పనికివచ్చునో లేదో కనుగొనుడని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియేగో శాఖకును, కెనడాలోని రెజైనా విశ్వవిద్యాలయమునకును పది లక్షల డాలర్లు కేటాయించినది 2022లో.