350 మిలియన్లు అడిగారు, 200కి అమ్మారు: ఆ ఇంటి తోటకి నీళ్లు ఎవరు పోస్తారు?

ఈ ఎపిసోడ్‌లో ఒక ఇంటి గురించి మాట్లాడుకుందాం.

ఫోన్లో రీల్స్ తిప్పుతుంటే అప్పుడప్పుడు వస్తుంటాయి కదా, "ప్రపంచంలోనే ఖరీదైన ఇల్లు ఇదే" అని. పైనుంచి డ్రోన్ షాట్, నీలం సముద్రం, వెనకాల ఏదో మ్యూజిక్. అలాంటి వీడియోల్లో 2017 నుంచి బాగా తిరిగిన పేరు విల్లా లే సెద్ర్. సెద్ర్ అంటే ఫ్రెంచిలో దేవదారు చెట్టు. అమ్మకానికి పెట్టినప్పుడు చెప్పిన ధర 350 మిలియన్ యూరోలు. అప్పటి రేటులో 2,600 కోట్ల రూపాయల పైమాటే. చివరికి 2019లో 200 మిలియన్లకి అమ్ముడైంది.

రీల్ అక్కడితో అయిపోతుంది. నాకేమో ఆ డ్రోన్ షాట్‌లో ఇంటికంటే ఇంటి చుట్టూ ఉన్న పచ్చదనమే కనిపించింది. 35 ఎకరాల తోట అది. దాదాపు 14 వేల రకాల మొక్కలు, ఓ ఇరవై గాజు గ్రీన్‌హౌస్‌లు. ఇల్లు అమ్మేస్తే తాళాలు చేతులు మారతాయి, సరే. తోట సంగతేంటి?

ముందు ఆ ఊరెక్కడో చూద్దాం. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో నీస్, మొనాకో ఉన్నాయి కదా, ఆ రెంటి మధ్యలో సముద్రంలోకి పొడుచుకొచ్చిన చిన్న నేల ముక్క. పేరు సాన్-జాన్-కాప్-ఫెరా. ఇల్లు కట్టింది 1830లో. అప్పటికి ఆ ప్రాంతం ఫ్రాన్స్‌లో లేదు, సార్డీనియా రాజ్యంలో ఉండేది. ఫ్రాన్స్ చేతికి వచ్చింది 1860లో.

1904లో ఈ ఇంటిని బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ కొన్నాడు. ఈ పేరు విన్నవాళ్లకి వెంటనే కాంగో గుర్తు రావాలి. 1885 నుంచి 1908 దాకా కాంగో బెల్జియం దేశానిది కూడా కాదు, ఈయన సొంత ఆస్తి. రబ్బరు తెమ్మని అక్కడి జనాన్ని ఎంత హింస పెట్టారో బ్రిటిష్ అధికారి రోజర్ కేస్‌మెంట్ రాసిన నివేదిక బయటికొచ్చింది కూడా సరిగ్గా ఆ 1904లోనే. ఈ ఇంటి గురించి చెప్పే వీడియోల్లో "రాజుగారి విల్లా" అని ముచ్చటగా అంటుంటారు. ఏ రాజుగారో కూడా చెప్తే బాగుంటుంది.

తర్వాత 1924లో మార్నియే-లాపోస్తోల్ కుటుంబం కొంది. కొన్యాక్ బ్రాందీలో చేదు నారింజ రుచి కలిపి చేసే గ్రాండ్ మార్నియే అనే మద్యం వాళ్లదే. ఆ ఇంట్లో జూలియెన్ అనే ఆయనకి మొక్కల పిచ్చి. పిచ్చి అంటే తిట్టు కాదు, ఆయన నిజంగానే వృక్షశాస్త్రం తెలిసిన మనిషి. ప్రపంచం నలుమూలల నుంచి మొక్కలు తెప్పించి ఆ తోటని ఓ బొటానికల్ గార్డెన్ చేశాడు. 

ఇప్పుడు అసలు పాయింట్. మనకి ఎండాకాలం ముదిరాక జూన్‌లో వాన వస్తుంది. చెట్టుకి వేడీ నీళ్లూ కాస్త అటూ ఇటుగా కలిసే దొరుకుతాయి. మధ్యధరా తీరంలో ఇది పూర్తిగా తిరగబడి ఉంటుంది. వానలు ఎక్కువగా చలికాలంలో, ఆ చుట్టుపక్కల నెలల్లో. బాగా వేడిగా ఉండే జూన్, జులై, ఆగస్టుల్లో చినుకు పడటమే గొప్ప. అందుకే అక్కడి సొంత చెట్లు ఆలివ్, పైన్, సైప్రస్ ఆకుల్ని చూడండి. చిన్నగా, గట్టిగా, లేదా సూదుల్లా ఉంటాయి. నీళ్లు బయటికి పోకుండా దాచుకోవడం వాటికి తెలుసు. కానీ అడవి నీడల నుంచి, వాన దేశాల నుంచి తెచ్చిన మొక్కకి అది తెలీదు కదా! ఆ మూడు నెలలూ మనిషే నీళ్లు పెట్టాలి. చలికాలంలో గ్రీన్‌హౌస్‌ని వెచ్చగా ఉంచాలి. ఇంటికి పదేళ్లు తాళం వేసినా గోడలు నిలబడతాయి. ఇలాంటి తోటకి ఒక్క ఎండాకాలం తాళం వేస్తే చాలు, సగం పోతుంది.

ఇంకో శత్రువు కూడా ఉంది. ఇది వింటే మన కోనసీమ వాళ్లు "అరె, మా పురుగే" అంటారు. ఎర్ర ముక్కు పురుగు. కొబ్బరి తోట ఉన్న ఇంట్లో ఎవరినైనా అడగండి, తిట్టుకుంటూ చెప్తారు. దక్షిణాసియాలో పుట్టిన ఈ పురుగు, ఊళ్లు అందంగా ఉండాలని ఓడల్లో తెప్పించిన తాటి జాతి చెట్లతో పాటు ప్రయాణం చేసింది. 1990ల్లో స్పెయిన్‌లో, 2006లో ఫ్రాన్స్‌లో బయటపడింది. ఆ తీరమంతా వీధుల వెంబడి, విల్లాల ముందు కనారీ ఈతచెట్లు వరసగా ఉంటాయి. వాటి మీద పడింది. పిల్ల పురుగులు మొవ్వులో, కాండం లోపల తింటూ పోతాయి. బయటికి చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. ఒక రోజు తల వాలిపోతుంది, అంతే. మనవాళ్లు కాండానికి చెవి ఆనించి లోపల నమిలే చప్పుడు వింటారు, ఎర్రటి జిగురు కారుతుందేమో చూస్తారు, లింగాకర్షక బుట్టలు కడతారు. అక్కడా అవే బుట్టలు. 

చెట్లు ఎక్కువున్న చోట నిప్పు భయం కూడా ఉంటుంది. ఫ్రాన్స్ దక్షిణాన అడవికి 200 మీటర్ల లోపు ఇల్లుంటే, ఇంటి చుట్టూ 50 మీటర్ల దాకా ఎండుగడ్డి, పొదలు కొట్టించాలి. సలహా కాదు, చట్టం.

మరి ఇన్ని బాధలున్నా తరాల తరబడి ఉంచుకున్న ఇళ్లని కుటుంబాలు ఎందుకు అమ్ముతాయి? చాలావరకు వారసత్వం దగ్గరే తెగుతుంది. మన దగ్గర హిందూ చట్టంలో తండ్రి తన స్వార్జితాన్ని ఎవరికి కావాలంటే వాళ్లకి వీలునామా రాసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో అలా కుదరదు. ఒక్క బిడ్డ ఉంటే ఆస్తిలో సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురు లేదా ఎక్కువమంది ఉంటే నాలుగింట మూడు వంతులు పిల్లలకి దక్కాల్సిందే. "చిన్నోడికి మొక్కలంటే ప్రాణం, తోట మొత్తం వాడికే" అనాలంటే మిగతా పిల్లలకి ఆ విలువకి సరిపడా ఇంకేదైనా ఉండాలి. పైగా వారసత్వ పన్ను. పిల్లలకి తలా లక్ష యూరోల దాకా మినహాయింపు, ఆపైన శ్లాబులు, పెద్ద ఆస్తులకి 45 శాతం దాకా వెళ్తుంది. మామూలుగా 6 నెలల్లో కట్టాలి. చెట్టు కొమ్మ విరిచి పన్ను కట్టలేం కదా. ఉమ్మడిగా ఉంచుకుందామన్నా, వాటాదారుల్లో ఒక్కరు "పంచండి" అంటే మిగతావాళ్లు కలకాలం ఆపలేరు.

లే సెద్ర్ దారి కాస్త వేరు. ఆ విల్లా కుటుంబ కంపెనీ ఆస్తుల్లో ఉండేది. 2016లో ఇటలీకి చెందిన కంపారి సంస్థ గ్రాండ్ మార్నియేని కొన్నప్పుడు, సీసాలతో పాటు ఈ ఇల్లూ తోటా కూడా వెళ్లాయి. మందు అమ్ముకునే కంపెనీకి 14 వేల రకాల మొక్కలతో ఏం పని? మరుసటి ఏడాదే అమ్మకానికి పెట్టింది. నాకు ఇందులో తప్పేమీ కనిపించదు, వ్యాపారం అంతే. కానీ దాదాపు తొంభై ఏళ్లు ఒక కుటుంబం నీళ్లు పోసి పెంచింది ఒక బ్యాలెన్స్ షీట్‌లో "అవసరం లేని ఆస్తి" అయిపోవడానికి ఏడాది పట్టింది.

చట్టం కాపాడదా అంటే, కొంత. ఫ్రాన్స్‌లో ఊరి ప్లాన్‌లో ఒక స్థలాన్ని రక్షిత చెట్ల స్థలంగా గుర్తించొచ్చు. అలా గుర్తిస్తే ఆ చెట్లు తీసేసి బిల్డింగులు కట్టడం కుదరదు. 1986 నాటి తీర చట్టం కూడా సముద్రపు ఒడ్డున కొత్త కట్టడాలకి అడ్డుపడుతుంది. ఇవి మంచివే. అయితే ఇవి నేలనీ చెట్లనీ కాపాడతాయి. గ్రీన్‌హౌస్‌లో కుండీలో ఉన్న అరుదైన మొక్కకి ఓనరు నీళ్లు పోయాలని వీటిలో ఎక్కడా ఉండదు. పెద్ద పైన్ చెట్టు నరికితే కేసు అవుతుంది. చిన్న కుండీ ఎండిపోతే ఎవరూ అడగరు. కానీ ఆ తోట గొప్పదనమంతా ఆ చిన్న కుండీల్లోనే ఉంది.

వేరే దారి లేదా అంటే, అదే కాప్-ఫెరాలో ఉంది చూడండి. బియాట్రిస్ ఎఫ్రుస్సి ద రోత్‌షీల్డ్ అనే ఆవిడ గులాబీ రంగు విల్లా. 1934లో ఆవిడ పోయాక, ఇల్లూ తోటలూ వీలునామా ప్రకారం ఫ్రాన్స్ లలిత కళల అకాడమీకి వెళ్లాయి. ఇప్పుడు ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

అక్కడి నుంచి తీరం వెంబడి తూర్పుకి వెళ్లి ఇటలీ సరిహద్దు దాటగానే లా మోర్తోలా అనే చోట ఇంకో తోట వస్తుంది. షాంఘైలో వ్యాపారం చేసిన థామస్ హాన్‌బరీ అనే ఇంగ్లీషాయన 1867లో ఓ పాత భవనం కొని, చుట్టూ కొండ వాలు మీద 18 హెక్టార్లలో, అంటే 44 ఎకరాల్లో, మొక్కలు పెంచాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాగా దెబ్బతింది. మళ్లీ నిలబెట్టడం కుటుంబానికి భారమైంది. 1960లో ఇటలీ ప్రభుత్వానికి అమ్మేశారు. ఇప్పుడు జెనోవా యూనివర్సిటీ చూసుకుంటోంది.

గమనించండి, హాన్‌బరీ వాళ్లు కూడా అమ్మారు. దానం చేయలేదు. కాకపోతే కొన్నవాళ్లు వేరు. అందుకే లే సెద్ర్‌ని మనం డ్రోన్ షాట్‌లో మాత్రమే చూస్తాం, హాన్‌బరీ తోటకి మాత్రం గేటు దగ్గర టికెట్ తీసుకుని, మెట్లు దిగుతూ, సైప్రస్ చెట్ల మధ్య నుంచి సముద్రం దాకా నడిచి వెళ్లొచ్చు. తిరిగొచ్చేటప్పుడు అవే మెట్లు ఎక్కాలి, సీసాలో నీళ్లు పట్టుకెళ్లండి.