మీకు తెలుసా? ఎర్ర మాత్ర సంగతులు

గర్భిణులకు ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. బడిలో పెద్దపిల్లలకు వారానికొకటి వేసే నీలం మాత్రలోనూ సరిగ్గా అంతే. రంగు ఒక్కటే తేడా!

ఇందులోని ఫోలిక్ యాసిడ్‌ను 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములను పొట్టనపెట్టుకుంది. ఆ జబ్బుకూ ఇదే మందయింది.

ఎర్ర మాత్ర మొదలయ్యేది నాలుగో నెలలో. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునే నాళం మాత్రం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. అప్పటికి నెల తప్పిన సంగతే చాలామందికి తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోమంటారు.

కాల్షియం మాత్రతో కలిపి మింగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు. టీతో అసలే వద్దు, నిమ్మరసమైతే మేలు. విరేచనం నల్లగా అవుతుంది, కంగారుపడి మాత్ర మానేయకండి. తారులా జిగటగా ఉంటేనే డాక్టరుకు చూపించుకోవాలి.

పీహెచ్‌సీలో ఇచ్చింది ఒకటి, ప్రైవేటు డాక్టరు రాసిన ‘బలం మాత్ర’ ఇంకొకటి వేసుకునేవాళ్లున్నారు. రెండూ ఐరనే కావచ్చు, స్ట్రిప్పు మీద చదవండి, లేదా ఎవరితోనైనా చదివించుకోండి. తలసీమియా ఉండి తరచూ రక్తం ఎక్కించుకునేవారి ఒంట్లో ఇనుము ముందే ఎక్కువ. డాక్టరు చెప్పకుండా వాళ్లు ఈ మాత్ర ముట్టకూడదు.

అన్నిటికన్నా భయపడాల్సింది ఇంట్లో పసిపిల్లలుంటే. నిగనిగలాడే ఆ ఎర్రటి బిళ్ల వాళ్ల కంటికి చాక్లెట్టే. ఒంటి బరువులో కిలోకు 60 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. పది కిలోల బిడ్డకు పది మాత్రలు చాలన్నమాట! అందులో మూడోవంతు మింగినా విషలక్షణాలు కనిపించవచ్చు. ఈ విషం మోసకారిది కూడా. మొదట వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు. కొన్ని గంటలకు బిడ్డ తేరుకున్నట్టే ఉంటాడు, గండం గడిచిందనుకుంటారు. కాలేయం దెబ్బతినేది ఆ తర్వాతే. కాబట్టి ఎన్ని మింగాడో తెలియకపోయినా, హుషారుగా ఆడుకుంటున్నా ఆగొద్దు. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా, మిగిలిన స్ట్రిప్పు చేతపట్టుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తండి. డెఫరాక్సమిన్ అనే విరుగుడు ఉంది. ఎంత తొందరగా వెళ్తే అంత బాగా పనిచేస్తుంది.